దిల్ కింది పొర

మా గోపాలపట్నంలో, మేఘాద్రిగెడ్డ వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక గల్లీలో, పుట్టిన మూడో నెలకి ఒక బచ్చీ గుండెలో రంధ్రం ఉందని తేలింది. ఎకో రిపోర్టు ఇంటికి చేరిన సాయంత్రమే పెద్దవాళ్లు విచారణ మొదలుపెట్టారు. "చాంద్ గహన్ నాడు కత్తి పట్టుకున్నావా బేటీ?" అని ఒక ఖాలా. "మగ్రిబ్ వేళ జుట్టు విరబోసుకుని బయట తిరిగి ఉంటుంది" అని ఇంకొకావిడ. సాస్ నోరు తెరిచి ఏమీ అనలేదు. బహూ వైపు ఒక చూపు చూసింది, అంతే. ఆ చూపు చాలు. ఇరవై మూడేళ్ల పిల్ల, తన బిడ్డ దిల్ తన చేతులతోనే పాడుచేశానని నమ్మేసింది.

ఆ అమ్మాయి నన్ను అడిగింది: "భాయిజాన్, మీరు చదువుకున్నోళ్లు. కడుపులో గుండె ఎప్పుడు తయారవుద్ది? ఎవరు చేస్తారు?" రెండో సవాల్‌కి ఆమెకూ నాకూ జవాబు ఒకటే. మొదటిదానికి మాత్రం ఒక తారీఖ్ ఉంది, రోజులతో గంటలతో సహా లెక్క ఉంది. ఆ లెక్క ఎక్కువ భాగం ఒక చేప గుడ్డులో దొరికింది. ఆ కహానీయే ఇది.

దిల్ పుట్టుకను మొదట వెతికింది కోడిగుడ్డులో. యూనాన్ హకీమ్ అరిస్టాటిల్, మా ఉర్దూ కితాబుల్లో అరస్తూ, పొదిగిన గుడ్లను పగలగొట్టి చూశాడు. మూడు రోజులు గడిచేసరికి సొనలో ఎగిరెగిరి పడే ఒక నెత్తుటి చుక్క కనబడుతుందని రాశాడు. అబ్బాసీ జమానాలో ఆ రాతలు అరబీలోకి 'కితాబుల్ హయవాన్'గా వచ్చాయి. ఇబ్న్ సీనా కూడా దిల్ విషయంలో అరస్తూ వైపే మొగ్గాడు. అవయవాలన్నిటికీ అదే సర్దార్ అన్నాడు. చుక్క ఎగరడం అందరికీ కనబడింది. అది ఎగరకముందు ఎక్కడుంది, ఏ మట్టితో తయారైంది అన్నది మాత్రం దాదాపు రెండు వేల ఏళ్లపాటు ఎవరికీ కనబడలేదు. కంటిని దాటి చూసే అద్దాలు రావాలి, ఓపిక రావాలి, డబ్బూ రావాలి.

ఇక్కడ మా విశాఖ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. హలబ్ నగరంలో, ఇప్పటి సిరియాలో, అంగ్రేజ్ వర్తకులకి పద్దెనిమిదేళ్లు డాక్టరుగా ఉన్న పాట్రిక్ రస్సెల్, 1780లలో తన తమ్ముడి ఉద్యోగం వల్ల వైజాగపటం వచ్చాడు. ప్లేగు మీద పెద్ద కితాబ్ రాసినవాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. మన తీరంలో దొరికిన రెండు వందల చేపల బొమ్మలు గీయించి, జాలర్లు చెప్పిన తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చువేయించాడు. చేపల శాస్త్రంలో విశాఖ హిస్సా అంత పాతది. అయితే రస్సెల్ పుస్తకంలో ఉన్నవన్నీ వలలో పడ్డ చేపలు. గుడ్డులో ఉన్న చేపని చూసే పని అప్పటికింకా మొదలు కాలేదు.

మొదలైంది జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో, మళ్లీ కోడిగుడ్లతోనే. రిగా నగరంలో బాగా డబ్బున్న ఇంట్లో పుట్టిన క్రిస్టియన్ పాండర్ అనే కుర్రాడు 2,000కు పైగా గుడ్లు పొదిగించి, గంట గంటకూ తెరిచి చూశాడు. బొమ్మలకి ఒక కళాకారుణ్ణి పెట్టుకున్నాడు. 1817లో చెప్పిన మాట ఇది: పిండం మొదట్లో ఒక పల్చటి బిళ్ల, అందులో మూడు పొరలున్నాయి. పైన ఒకటి, లోపల ఒకటి, రెండిటి నడుమ రక్తనాళాలు పుట్టే పొర ఒకటి. పాండర్ అక్కడితో ఆగలేదు. ఏ పొరా ఒంటరిగా తన పని తాను పూర్తి చేసుకోలేదని, ఒకదానికి ఇంకొకటి సహారా అని కూడా గమనించాడు. నా దృష్టిలో మూడు పొరల కంటే పెద్ద మాట ఇదే. దీన్ని తర్వాతివాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు.

పాండర్ దోస్త్ కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఆ పనిని అందుకున్నాడు. వెన్నెముక ఉన్న జంతువులన్నిటికీ ఈ పొరల పద్ధతి వర్తిస్తుందన్నాడు. 1835లో చేప పిండం మీదే ఒక పుస్తకం రాశాడు. 1850లలో రాబర్ట్ రెమాక్ ఏ పొర నుంచి ఏ అవయవం వస్తుందో తేల్చాడు. రెమాక్ యహూదీ. మతం మార్చుకుంటే ప్రొఫెసర్ కుర్చీ దొరికేది. మార్చుకోలేదు, సరైన కుర్చీ దొరకలేదు. గుండె గోడలో నరాల ముడులను కనిపెట్టినవాడు కూడా ఈయనే. ఆ ముడులకి నేటికీ ఆయన పేరే.

మన తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ పొరల్ని బహిస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం అంటాయి. నేను పై పొర, నడిమి పొర, లోపలి పొర అంటాను, ఖాలాలకి కూడా అర్థం కావాలి కదా. పై పొర చర్మం, మెదడు, నరాలు అవుతుంది. లోపలి పొర పేగులు, కాలేయం, పాంక్రియాస్ అవుతుంది. కండ, ఎముక, రక్తం నడిమి పొరవి. గుండె కూడా నడిమి పొరదే.

ఇక్కడే ఒక పేచీ ఉంది. గుండె ఒకచోట పుట్టదు. నడిమి పొరలో పిండానికి కుడివైపు ఒక గుంపు కణాలు, ఎడమవైపు ఒక గుంపు కణాలు, రెండు సగాలుగా మొదలవుతాయి. రెండూ నడుముకి నడిచి వచ్చి, కలిసి, ఒక గొట్టం కావాలి. 1950లలో అమెరికాలో రాబర్ట్ డీహాన్ కోడి పిండంలో పేగు మొదలయ్యే చోట, అంటే లోపలి పొర మడతపడే చోట, సన్నగా కోసి చూశాడు. గుండె కణాల్ని ముట్టుకోలేదు. అయినా సగాలు కలవలేదు. రెండు వైపులా రెండు గుండెలు తయారై రెండూ కొట్టుకున్నాయి. కోత పడింది పేగు పొరకి, చీలింది దిల్.

కోత పెడితే ఏది తెగిందో ఏది లాగబడిందో పూర్తిగా తెలియదు. కత్తి లేకుండా, ఒక్క జీన్ మాత్రమే చెడిన పిండాలు కావాలి, అదీ బయటి నుంచి చూడగలిగేవి. దానికి చేప దొరికింది. కైకలూరు వైపు హేచరీల్లో పనిచేసిన వాళ్లకి ఇది కొత్త కాదు. శీలావతి, బొచ్చె గుడ్లు నీళ్లలో ఉబ్బి గాజుపూసల్లా అవుతాయి, లోపల పిల్ల మెలికలు తిరగడం కంటికి కనిపిస్తుంది, ఒక పగలూ రాత్రీ గడవకముందే స్పాను బయటికొస్తుంది. శాస్త్రవేత్తలు ఎంచుకున్నది ఆ జాతులకి దూరపు చుట్టం, నీలిచారల చిన్న చేప, జీబ్రాఫిష్. పుట్టిల్లు మన ఉపఖండమే. గంగా నది చేపల మీద 1822లో ఎడిన్‌బరోలో వచ్చిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని లోకానికి చూపించాడు. శాస్త్రీయ నామం డానియో రెరియోలో 'డానియో' బెంగాలీ 'ధాని' నుంచి వచ్చిన మాట, వరిచేలది అని. మన వరిచేల నీళ్లలో తిరిగే చేప, అద్దాల తొట్లలో అలంకారంగా విదేశాలకి వెళ్లి, అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ చేతిలో పడింది. హంగరీ నుంచి నాజీల భయంతో వచ్చేసిన యహూదీ కుటుంబం బిడ్డ ఆయన. 1981లో ఆయన పత్రం వచ్చాక చేప జన్యుశాస్త్రానికి దారి పడింది.

జీబ్రాఫిష్ పిండం గంటల లెక్కలో పెరుగుతుంది. నీళ్లు 28.5 డిగ్రీల్లో ఉంటే అయిదారు గంటలకే గుండె కాబోయే కణాలు పిండం అంచున రెండు పక్కలా ఉంటాయి. నడిమి పొర, లోపలి పొర కలిసే లోపలికి మడతపడతాయి. లోపలి పొర కణాలు మొదట విడివిడిగా చెల్లాచెదురుగా పాకి, తర్వాత జానిమాజ్ పరిచినట్టు పల్చగా పరుచుకుంటాయి. గుండె కణాలు దాని మీదుగానే నడుస్తాయి. 18 గంటలకల్లా రెండు గుంపులు నడుమ కలుస్తాయి. 24 గంటలకి ఒక గొట్టం, దానిలో అలుపెరగని కొట్టుకోవడం. రెండో రోజు ఆ గొట్టం మెలితిరుగుతుంది. అరబీలో 'ఖల్బ్' అనే మాటకి ధాతువు తిరగడం, తిరగబడడం. 'ఇంకిలాబ్' కూడా ఆ ధాతువుదే. మా ఉస్తాద్ క్లాసులో ఇది చెప్పినప్పుడు దిల్ మనసు మార్చుకుంటుంది కాబట్టి ఆ పేరన్నారు. చేప పిండంలో అది నిజంగానే తిరుగుతుందని అప్పుడు తెలియదు.

అసలు మలుపు 1996 డిసెంబరులో వచ్చింది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్ బృందం, అమెరికాలోని బోస్టన్‌లో ఇంకో బృందం, వేలాది చేప కుటుంబాల్ని పెంచి, జీన్‌లు చెడిన పిల్లల్ని వెతికి, ఆ ఫలితాలన్నీ 'డెవలప్‌మెంట్' పత్రిక ఒకే సంచికలో అచ్చువేశాయి. గుండె ఆడని చేప, గుండె వంకరపోయిన చేప, రెండు గుండెల చేప, అన్నీ దొరికాయి. చేప పిండం చిన్నది, రక్తం ఆడకపోయినా నీటిలోని ఆక్సిజన్ ఒంట్లోకి ఇంకి కొన్ని రోజులు బతికిపోతుంది. అందుకే దిల్ ఎలా చెడుతుందో తీరిగ్గా చూడగలిగారు. మనిషి కడుపులో ఐతే అలాంటి పిండం ఎవరి కంటా పడకుండానే పోతుంది.

రెండు గుండెల చేపల్లో ఒకదానికి 'కాసనోవా' అని పేరు పెట్టారు, ఎందరితోనో ప్రేమలు నడిపిన ఆ ఇటలీవాడి పేరే. శాస్త్రవేత్తలకి కూడా మజాక్ తెలుసు. ఆ చేపలో లోపలి పొర అసలే లేదు. నడిమి పొర ఉంది, గుండె కణాలున్నాయి, అవి కండగా మారి కొట్టుకుంటున్నాయి కూడా. కానీ నడవడానికి కింద చాప లేదు. ఎక్కడివి అక్కడే నిలబడిపోయాయి. డీహాన్ కత్తితో అనుమానించినది ఇక్కడ కత్తి లేకుండా కనబడింది.

ఇంకొక చేప నాకు మరీ ఇష్టం. పేరు 'మైల్స్ అపార్ట్', మైళ్ల దూరం. దీనిలో లోపలి పొర ఉంది, ఐనా గుండె సగాలు కలవవు. తప్పు ఎవరిది? నడవలేని గుండె కణాలదా, నడవనివ్వని చోటుదా? 2000లో డిడియర్ స్టైనియర్ ప్రయోగశాల దీన్ని తేల్చిన తరీఖా చూడండి. నాలుగైదు గంటల వయసు పిండాల మధ్య కణాలు మార్చారు. ఆరోగ్యంగా ఉన్న చేప గుండె కణాల్ని తీసి, జబ్బు చేప పిండంలో పెట్టారు. అవి కదల్లేదు. జబ్బు చేప కణాల్ని తీసి, ఆరోగ్యంగా ఉన్న పిండంలో పెట్టారు. అవి హాయిగా నడిచి వెళ్లి నడుమ కలిసిపోయాయి. ముజ్రిమ్ అనుకున్న గుండె కణాలు బేకసూర్ అని తేలింది. కసూర్ చుట్టూ ఉన్న ఇలాకాది. చెడిన జీన్ ఒక కొవ్వు జాతి సంకేతాన్ని అందుకునే తలుపు అని అదే పత్రంలో చెప్పారు. ఆ సంకేతం పేరు స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్. పేరు నోరు తిరగదు, వదిలేయండి. ఆ తలుపు ఉండాల్సింది లోపలి పొర కణాల మీద అని 2013 నాటికి తేలింది.

మరి ఆ సంకేతం ఎవరు పంపుతున్నారు? 2008, 2009లలో దానికీ జవాబొచ్చింది. ఆ చేప పేరు 'టూ ఆఫ్ హార్ట్స్', పేకలో ఆటీను రెండు, మన ఇళ్లలో పాన్ కీ దుగ్గీ. పచ్చసొనని అంటిపెట్టుకుని ఒక పొర ఉంటుంది, అది పిల్ల ఒంట్లో భాగం కూడా కాదు, తర్వాత కరిగిపోతుంది. అది ఆ కొవ్వు సంకేతాన్ని బయటికి పంపుతుంది, పైనున్న లోపలి పొర దాన్ని అందుకుని అంచుల దాకా చక్కగా పరుచుకుంటుంది, ఆ పైన గుండె కణాలు నడుస్తాయి. రెండిటి మధ్య ఫైబ్రోనెక్టిన్ అనే జిగురు కూడా సరిగ్గా ఉండాలని 2004లోనే తేలింది. అంటే దిల్ ఒక చోట కుదురుకోవడానికి దిల్ కాని వాళ్లు ముగ్గురు పనిచేయాలి. పాండర్ 1817లో చెప్పిన సహారా ఇదే, పేర్లతో సహా.

ఇది చదివి కొందరు భాయిలు వెంటనే 'అలఖా' ఆయత్‌తో జోడించి వాట్సాప్‌లో తిప్పుతారని తెలుసు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఈమాన్‌కి చేప గవాహీ అవసరం లేదు. ఈ రోజు సరిపోయిందని మురిసిపోతే, రేపు శాస్త్రం మాట మార్చుకున్నప్పుడు ఎక్కడికి పోతాం?

ఇప్పుడు మనిషి లెక్క. చేపకి 24 గంటలైతే మనకి మూడు వారాలు. హమల్ నిలిచిన 22వ రోజు ప్రాంతంలో సగాలు కలిసిన గొట్టం కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి నెలసరి తప్పి వారం. చాలామంది ఆడవాళ్లకి అప్పటికి అనుమానం కూడా రాదు. ఎనిమిదో వారానికల్లా గదుల మధ్య గోడలు దాదాపు కట్టేసి ఉంటాయి. మా గల్లీ అమ్మాయికి ఇదంతా ఒక కాగితం మీద గీసి చూపించాను. ఆమె నిండు గర్భిణిగా ఉన్నప్పుడు వచ్చిన చంద్రగ్రహణం నాటికి ఆ గుండె తయారై నెలలైంది. కాగితం ఆమె కంటే ముందు ఆమె సాస్ తీసుకుంది, చాలాసేపు చూసింది.

చేప చెప్పలేనిది కూడా ఉంది. చేప గుండెకి ఒకటే పై గది, ఒకటే కింది గది. మధ్య గోడ లేదు, కాబట్టి గోడలో రంధ్రం అనే మాటే లేదు. ఆ గోడ గురించిన తారీఖ్‌లో మనవాడొకడున్నాడు. గుండె కింది గదుల మధ్య గోడలో కనబడని రంధ్రాలున్నాయని, రక్తం వాటిలోంచి దాటుతుందని జాలినూస్ చెప్పగా లోకమంతా వెయ్యేళ్లు నమ్మింది. 1242లో ఇబ్న్ అల్-నఫీస్, ఇబ్న్ సీనా కితాబ్‌కి షరహ్ రాస్తూ, ఆ గోడ గట్టిది, రంధ్రం లేదు, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వెళ్తుందని రాశాడు. ఆ ప్రతి బెర్లిన్ లైబ్రరీలో పడి ఉండగా 1924లో ముహ్యుద్దీన్ తతావీ అనే ఈజిప్షియన్ వెలికితీశాడు. పెద్దవాళ్ల గుండె విషయంలో ఇబ్న్ నఫీస్ మాట ఖరారు. కడుపులోని బిడ్డకి మాత్రం పై గదుల మధ్య ఒక కిటికీ ఉంటుంది, పుట్టాక మూసుకుంటుంది. కింది గదుల గోడలో మిగిలే చిన్న రంధ్రాలు కూడా చాలావరకు వాటంతటవే పూడిపోతాయి. పెద్దవాటికే ఆపరేషన్.

గోడ లేకపోయినా చేప మనకి ఆ దారి కూడా కొంత చూపింది. మనిషిలో టీబీఎక్స్5 అనే జీన్ చెడితే చేతి ఎముకలు, గుండె గోడ రెండూ దెబ్బతింటాయని 1997లో తెలిసింది. అదే జీన్ చెడిన చేపని 2002లో చూశారు. ముందు రెక్కలు లేవు, గుండె మెలితిరగలేదు. చేతికి బదులు రెక్క, అంతే తేడా.

ప్రపంచంలో ప్రతి వంద జననాల్లో దాదాపు ఒక బిడ్డ ఏదో ఒక గుండె లోపంతో పుడుతుంది. చాలామందిలో కారణం ఫలానా అని చూపించలేరు. తెలిసినవాటిలో రెండు మాత్రం మన ఇళ్లలో మాట్లాడుకోవాల్సినవి. ఒకటి చచేరా, ఖలేరా రిష్తాలు. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో, ఎక్కువగా పాకిస్తానీ కుటుంబాల మీద చేసిన పరిశీలన 2013లో వచ్చింది. దగ్గరి చుట్టరికం పెళ్లిళ్లలో పుట్టుక లోపాలు 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగాయి. అంటే వందలో 94 మంది పిల్లలు బాగానే పుట్టారు, ఐనా ముప్పు రెట్టింపే. మన హిందూ పొరుగిళ్లలో మేనమామ పెళ్లిళ్లకీ ఈ ముప్పు ఉంది. షరియత్ అనుమతించింది కదా అంటారు. అనుమతించింది, ఫర్జ్ చేయలేదు.

రెండోది రుబెల్లా. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కళ్ల డాక్టరు దగ్గరికి పుట్టుకతోనే కళ్లలో పొర ఉన్న పసిపిల్లలు వరుసగా వచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి గుండె లోపాలూ ఉన్నాయి. తల్లులందరినీ అడిగితే తేలిందేమిటంటే, హమల్ మొదటి నెలల్లో వాళ్లకి జర్మన్ మీజిల్స్ అనే తేలికపాటి జ్వరం, దద్దుర్లు వచ్చి పోయాయి. గహన్ కాదు, నజర్ కాదు, ఒక వైరస్. దానికి టీకా ఉంది. 2017లో మన రెండు రాష్ట్రాల్లో మీజిల్స్-రుబెల్లా టీకా స్కూళ్లలో వేస్తున్నప్పుడు, అది పిల్లలు పుట్టకుండా చేసే కుట్ర అని మన మొహల్లాల్లో ఆడియోలు తిరిగాయి. కొందరు అమ్మీలు ఆ రోజు పిల్లల్ని స్కూలుకే పంపలేదు. ఆ రోజు ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లల్లో కొందరికి ఇప్పుడు నికాహ్ మాటలు నడుస్తున్నాయి. ఈ టీకా కడుపుతో ఉన్నప్పుడు వేయరు. పసిపిల్లలకి 9 నుంచి 12 నెలల మధ్య ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేస్తారు. వేయించుకోని అమ్మాయి పెళ్లికి ముందే డాక్టర్‌ని అడగాలి. టీకా తర్వాత కనీసం నెల రోజులు హమల్ రాకుండా చూసుకోవాలి.